పూలు నిండుగా ఉన్నా చిమ్మట నిలవలేదు: ఒక ఆవరణ కేసు

సీతాకోకచిలుకలకూ చిమ్మటలకూ చోటు ఇవ్వాలనుకునే సంస్థలకు సలహా ఇవ్వడం నా పని. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం "ఏ మొక్కలు నాటాలి?" అనే ప్రశ్నతో మొదలవుతాయి. ఈ కేసులో ఆ ప్రశ్నే లేదు. సరైన మొక్క ఉంది, ఏటేటా పెరుగుతోంది కూడా. పురుగు మాత్రం ఏటేటా తగ్గిపోతోంది. సంస్థను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ తీసేసి, ఏ మలుపులో ఏమనుకుని ఏం చేశామో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

నేపథ్యం

అదొక పెద్ద ఆవరణ. అందులో కొంత భాగం చాలాకాలం ఖాళీగా పడి ఉండేది. వానలకు గిలిగిచ్చ, నాగదంతి, గువ్వగుత్తి లాంటి మొక్కలు వాటంతట అవే మొలిచేవి. ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. తర్వాత ఆ చోటును అడవిపూల తోటగా మార్చాలని నిర్ణయించారు. గిలిగిచ్చకు కంకులు కంకులుగా పసుపు పూలు వస్తాయి కాబట్టి దాన్ని ఉంచి, నర్సరీ నుంచి ఇంకొన్ని నారుమొక్కలు తెప్పించారు. నాగదంతి, గువ్వగుత్తి చూడ్డానికి కలుపులా ఉన్నాయని పీకేశారు.

ఆ ఆవరణలో పురుగుల్ని ఫొటోలు తీసి నమోదు చేసే చిన్న బృందం ఒకటి ఉంది. వాళ్లకు బాగా ఇష్టమైనది యుటెతీసా పుల్కెల్లా అనే చిమ్మట. మీగడ తెలుపు రెక్కల మీద ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు కలిసి ఉంటాయి. రెక్కలు చాపితే మూడు నాలుగు సెంటీమీటర్లు. గడ్డిలో నడుస్తుంటే పగటిపూటే కాళ్ల దగ్గర నుంచి లేచి, కొంచెం దూరం ఎగిరి మళ్లీ గడ్డి పరకను పట్టుకుంటుంది. లిన్నేయస్ 1758లోనే దీనికి పేరు పెట్టాడు. ఆఫ్రికా నుంచి దక్షిణ ఐరోపా, ఆసియా దాకా కనిపిస్తుంది. వలస వెళ్లే జాతి కావడంతో అప్పుడప్పుడు బ్రిటన్ దాకా కూడా చేరుతుంది. దీని గొంగళి పురుగు గిలిగిచ్చ, జనుము ఉండే క్రోటలేరియా ప్రజాతి మీదా, నాగదంతి కుటుంబం మొక్కల మీదా బతుకుతుంది. జనుము పండించేవాళ్లకు ఇది చీడ. ఆకు తినడంతో ఆగదు, కాయను తొలిచి గింజలు కూడా తింటుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కేసంతా దీని మీదే నిలిచింది.

సమస్య

తోట వేసిన మొదటి ఏడాది చిమ్మటలు బాగా కనిపించాయి. రెండో ఏడాది తగ్గాయి. మూడో ఏడాది వానలు మొదలైనప్పుడు కొన్ని కనిపించి, ఆ తర్వాత లేకుండా పోయాయి. తోటలో పూలు మాత్రం ఎన్నడూ లేనంతగా ఉన్నాయి. నిర్వాహకుడు దీన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు. "వలస పురుగే కదండీ, ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు రాదు" అన్నారు. బృందంలోని వాళ్లు మందుల మీద అనుమానపడ్డారు. రాత్రంతా వెలిగే దీపాలే కారణమని ఇంకొకరు అన్నారు. ఏదీ కొట్టిపారేయదగ్గ మాట కాదు.

నేను వెళ్లేసరికే వాళ్లు సొంతంగా ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. గొంగళి పురుగుల్ని డబ్బాల్లో పెంచి, చిమ్మటలయ్యాక తోటలో వదిలారు. అది ఫలించలేదు. దాని గురించి తర్వాత చెబుతాను.

ముందు రికార్డులు

ఇలాంటి కేసుల్లో నేను తోటలోకి వెళ్లే ముందు ఫొటోలు అడుగుతాను. లెక్క తగ్గిందంటే ఏ లెక్క తగ్గిందో తెలియాలి. గిలిగిచ్చ కాయల మీద ఇంకో చిమ్మట పిల్లలు కూడా ఉంటాయి. దాని పేరు ఆర్గినా ఆస్ట్రియా. పెద్ద పురుగు నారింజ రంగులో నల్ల చుక్కలతో ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పొరబడరు. గొంగళి దశలో మాత్రం తేడా తెలియడం కొత్తవాళ్లకు కష్టం. పైగా బఠాణీ నీలి సీతాకోకచిలుక పిల్లలు కూడా ఇవే పూమొగ్గల్నీ కాయల్నీ తొలుస్తాయి. బృందం రికార్డుల్లో ఇవన్నీ "గిలిగిచ్చ పురుగులు" అని ఒకే పద్దు కింద ఉన్నాయి.

ఫొటోలు వేరు చేశాం. యుటెతీసా గొంగళి పురుగు బూడిద నలుపులో ఉంటుంది, వీపు పొడవునా తెల్ల గీత, దాన్ని అడ్డంగా కోసే నారింజ పట్టీలు, ఒంటి మీద పలుచని వెంట్రుకల కుచ్చులు. అలా విడదీశాక బొమ్మ మారిపోయింది. పెద్ద చిమ్మటలు ప్రతి ఏడాదీ వానలు మొదలవగానే వస్తూనే ఉన్నాయి. తగ్గింది గొంగళి పురుగులు, ఆ తర్వాత రావలసిన రెండో తరం చిమ్మటలు.

ఇక్కడ ఇంకో ఆధారం కూడా దొరికింది. చిమ్మట రెక్కల మీది పొలుసులు ఎగిరేకొద్దీ రాలిపోతాయి, అంచులు చిరుగుతాయి. సీజన్ మొదట్లో తీసిన ఫొటోల్లో రెక్కలు మాసిపోయి ఉన్నాయి, అంటే ఎక్కడి నుంచో వచ్చినవి. మొదటి ఏడాది సీజన్ మధ్యలో తీసినవాటిలో మాత్రం రెక్కలు కొత్తగా మెరుస్తున్నాయి, అంటే అక్కడే పుట్టినవి. తర్వాతి ఏళ్లలో ఆ కొత్త రెక్కల ఫొటోలు దాదాపు లేవు.

దీంతో వలస వాదన బలహీనపడింది. వలస పురుగు రాకపోతే సమస్య బయట ఉన్నట్టు. వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లలు నిలవకపోతే సమస్య ఆ ఆవరణలోనే ఉన్నట్టు. ఆకుల మీద గుడ్లు మాకు దొరికాయి. కాబట్టి చూడవలసింది గుడ్డుకూ ప్యూపాకూ (గొంగళి పురుగు చిమ్మటగా మారే ముందు కదలకుండా ఉండే దశ) మధ్య ఏం జరుగుతోందన్నది.

మొదటి అనుమానం: మందు

తోటలో మందు కొట్టడం లేదని నిర్వాహకుడు చెప్పారు, అది నిజమే. కానీ నర్సరీ నుంచి వచ్చిన నారు సంగతి ఎవరూ అడగలేదు. నర్సరీల్లో రసం పీల్చే పురుగుల కోసం అంతర్వాహిక మందులు వాడటం మామూలే. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు వేళ్ల ద్వారా మొక్క అంతటా పాకుతుంది, కొంతకాలం ఆకులోనే ఉంటుంది. ఆ ఆకు తిన్న పురుగుకు మనం మందు కొట్టామా లేదా అన్నదానితో సంబంధం లేదు.

ల్యాబ్ పరీక్ష కంటే ముందు చవకైన పరీక్ష ఒకటి ఉంది. గోడ బయట తనంతట తానే మొలిచిన గిలిగిచ్చ మీద నుంచి గొంగళి పురుగుల్ని తెచ్చి రెండు జట్లుగా చేశాం. ఒక జట్టుకు బయటి మొక్క ఆకులు, రెండో జట్టుకు ఆ ఏడాది నాటిన నర్సరీ మొక్కల ఆకులు వేశాం. రెండో జట్టు తినడం మానేసింది, కొన్ని వణుకుతూ పడిపోయాయి. ఏ మందన్నది ఈ పరీక్ష చెప్పదు. ఆ ఆకు ఈ పురుగుకు పనికిరాదని మాత్రం చెబుతుంది, నిర్ణయానికి అది చాలు.

నర్సరీ నారు ఆపించాం. అక్కడి మొక్కల గింజలతోనే నారు పోయించాం. గింజ పైపొర గట్టిది, గరుకు కాగితంతో కొద్దిగా రుద్దితే త్వరగా మొలుస్తుంది. దీపాల విషయం కూడా ఇదే సమయంలో తేల్చేశాం. తోట వైపు ఉన్నవాటికి కిందకి మాత్రమే వెలుగు పడేలా మూతలు పెట్టించి, అర్ధరాత్రి తర్వాత ఆపేయమన్నాం.

ఫలితం అరకొరగా వచ్చింది. తర్వాతి సీజన్‌లో చిన్న గొంగళి పురుగులు మళ్లీ కనిపించాయి. బృందం వాళ్లు సంబరపడ్డారు. కానీ అవి పెద్దవి కాలేదు. ఆకుల మీద చిన్నవి చాలా, మధ్యస్థంగా ఉన్నవి కొన్ని, బాగా ఎదిగినవి ఎక్కడో ఒకటి. కొత్త రెక్కల చిమ్మటలు వేళ్ల మీద లెక్కపెట్టేలానే ఉన్నాయి. మందు ఒక కారణమే గానీ, అసలు కారణం అది కాదని అప్పుడు తేలింది.

డబ్బాల్లో జరిగింది

ఇక్కడ ఆగి, బృందం చేసిన పెంపకం నోట్సు మళ్లీ చదివాను. గొంగళి పురుగులు ఎక్కువై ఆకులు చాలక, బీన్స్ పిండితో చేసే కృత్రిమ ఆహారం మీదికి మార్చారట. అవి తిన్నాయి, పెరిగాయి. కానీ ఒక వింత రాశారు. డబ్బాలో పెట్టిన గుడ్లను పెద్ద గొంగళి పురుగులు తినేశాయి. కొత్తగా ఏర్పడిన ప్యూపాలను కూడా కొరికాయి. ఇరుకు వల్ల ఒకదాన్నొకటి తింటున్నాయని వాళ్లు అనుకున్నారు, డబ్బాలు పెంచారు. అయినా ఆగలేదు.

ఇరుకు కాకపోవచ్చని నాకు అనిపించడానికి కారణం ఉంది. ఈ ప్రజాతి మీద చాలా పని జరిగింది. అమెరికాలో ఉండే దీని దగ్గరి బంధువు యుటెతీసా ఆర్నాట్రిక్స్‌ మీద కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ ఐస్నర్, జెరాల్డ్ మైన్వాల్డ్ ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. ఈ చిమ్మటలు మొక్కలోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విష పదార్థాలను ఒంట్లో దాచుకుంటాయి. అదే వాటి రక్షణ. ఆల్కలాయిడ్ ఉన్న చిమ్మట సాలెగూట్లో చిక్కుకుంటే, సాలీడు దాన్ని తినకుండా దారాలు తెంపి వదిలేస్తుంది. మగది ఆ ఆల్కలాయిడ్ నుంచే ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారు చేసుకుంటుంది, కలిసినప్పుడు కొంత ఆల్కలాయిడ్‌ను ఆడదానికి ఇస్తుంది కూడా. తల్లిదండ్రులిద్దరి వాటా గుడ్లకు చేరుతుందని 1988లో ప్రచురించారు. 1990ల మొదట్లో ఫ్రాంజ్ బోగ్నర్, ఐస్నర్ ఇంకో సంగతి చూపించారు. ఆల్కలాయిడ్ లేని ఆహారం మీద పెరిగిన గొంగళి పురుగులు ఆల్కలాయిడ్ ఉన్న గుడ్లనూ ప్యూపాలనూ వెతికి మరీ తింటాయి. ఆకలి తీరినా ఆ కొరత తీరదు.

బృందం డబ్బాల్లో జరిగింది దీనికి సరిగ్గా సరిపోతుంది. బీన్స్ పిండిలో ఆ ఆల్కలాయిడ్ లేదు. గుడ్లు మాత్రం బయటి నుంచి పట్టి తెచ్చిన ఆడ చిమ్మటలవి. వదిలిన చిమ్మటల్ని పిట్టలు అందుకుని తినేశాయని నోట్సులో ఇంకో చోట ఉంది. వాటికి కవచం లేదు మరి. పెంచి వదలడం అక్కడితో ఆపేయమన్నాను. కవచం ఉన్నవాటిని వదిలినా లాభం లేదు. బయటి నుంచి వచ్చిన చిమ్మటలే ఆ తోటలో నిలవడం లేదు, డబ్బాలోంచి వచ్చినవి ఎలా నిలుస్తాయి?

డబ్బాలో జరిగింది తోటలో జరుగుతున్నదానికి రుజువు కాదు. తోటలో పురుగులు తింటున్నది గిలిగిచ్చ ఆకే, అందులో ఆల్కలాయిడ్ ఉంటుంది. కానీ నేను అడిగే ప్రశ్నను అది మార్చింది. అప్పటిదాకా "ఏ మొక్క?" అని చూస్తున్నాం. ఇప్పుడు "మొక్కలో ఏ భాగం, ఎప్పుడు?" అని అడగాలి. క్రోటలేరియాలో నత్రజనీ ఆల్కలాయిడ్లూ సాధారణంగా గింజల్లో ఎక్కువ. కాయలోకి దూరిన గొంగళి పురుగుకు మంచి తిండితో పాటు గూడు కూడా దొరుకుతుంది. ఆకు మీద తిరిగేదానికి ఆల్కలాయిడ్ ఉన్నా దాన్ని లెక్కచేయని శత్రువులు ఉన్నాయి, ఉదాహరణకు గొంగళి పురుగు ఒంటి మీద గుడ్లు పెట్టే టాకినిడ్ ఈగలు.

మరి ఈ తోటలో కాయలేవి? నిండుగా పూసిన మొక్కల మధ్య నిలబడి చూస్తే ఒక్క ఎండుకాయ గలగల కూడా వినపడలేదు.

పని రిజిస్టరు

తోట పనివాళ్ల పెద్దను అడిగాను. "పెద్దాయనా, కాయలు ఏమవుతున్నాయి?"

"కాయ దాకా రానివ్వం సార్. పూత వాడగానే కంకి కోసేస్తాం. కోస్తే మళ్లీ పూస్తాయి. ఎండుకాయలుంటే చూడ్డానికి బాగోదు, పైవాళ్లు ఒప్పుకోరు."

పని రిజిస్టరు తెప్పించుకున్నాం. మొదటి ఏడాది ఈ కోత లేదు, చిమ్మటలు బాగా ఉన్నది ఆ ఏడాదే. రెండో ఏడాది అప్పుడప్పుడూ, మూడో ఏడాది నుంచి క్రమం తప్పకుండా కంకులు కోశారు. తోట ఎంత అందంగా పూసిందో, గింజ అంతగా లేకుండా పోయింది. గింజ రాలకపోవడంతో మొక్కలు వాటంతట అవి మొలవడం ఆగింది, ఆ లోటు పూడ్చడానికి మళ్లీ మళ్లీ నర్సరీ నారు వచ్చింది, నారుతో పాటు మందు వచ్చింది. మేం వేర్వేరుగా చూస్తున్న రెండు సమస్యలకూ మొదలు ఆ కత్తెరే. ప్యూపాలకు ఇంకో దెబ్బ కూడా ఉంది. ఈ పురుగు రాలిన ఆకుల మధ్య, నేల మీద పలుచని గూడు అల్లుకుంటుంది. కోసిన చెత్తతో పాటు ఆ ఆకుల పొరను కూడా ఎప్పటికప్పుడు ఊడ్చేస్తున్నారు.

రిజిస్టరులో నన్ను కంగారు పెట్టిన వాక్యం మాత్రం వేరే ఉంది. కోసిన కంకుల్నీ కొమ్మల్నీ పశువుల మేతకు పంపుతున్నారు. ఇదే ఆల్కలాయిడ్లు పశువుల కాలేయాన్ని పాడు చేస్తాయి. క్రోటలేరియా జాతుల్లో కొన్నింట ఉండే మోనోక్రోటలీన్ అనే ఆల్కలాయిడ్ ఊపిరితిత్తుల్ని కూడా దెబ్బతీస్తుంది. ఎండబెడితే పోదు, ఎండుగడ్డిలో కలిసినా ప్రమాదమే. లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి కాబట్టి మేతకూ జబ్బుకూ ముడి పెట్టడం కష్టం. మిగతా పనులు తర్వాత, ముందు దాన్ని ఆ రోజే ఆపించాం. కోసిందంతా ఆవరణలోనే కంపోస్టు గుంటలోకి వెళ్లాలని రాసిచ్చాను.

పనిచేసింది

కోత పూర్తిగా ఆపేద్దామని బృందం అడిగింది. నేను ఒప్పుకోలేదు, రెండు కారణాల వల్ల. ఒకటి, మొత్తం మార్చేసి చిమ్మటలు పెరిగితే, ఆ ఏడాది వలస బాగుందో, వానలు కుదిరాయో, కోత ఆపడమే పనిచేసిందో తేల్చలేం. రెండోది, తోట మొత్తం ఎండుకాయలతో నిండితే నిర్వాహకులు మధ్యలోనే కొట్టేయిస్తారు. నా అనుభవంలో ఇలాంటి పనులు ఆగిపోయేది ఎక్కువగా ఈ రెండో కారణంతోనే.

అందుకే తోటను పట్టీలుగా విడగొట్టాం. దారి పక్క పట్టీలో పాత పద్ధతే, వాడిన కంకులు కోసేస్తారు. మధ్య పట్టీలో కాయ ఎండి గింజ రాలాకే కోత. వెనక పట్టీని ఆ సీజనంతా ముట్టరు, రాలిన ఆకులు ఊడ్చరు. అన్ని చోట్లా నారు ఒకటే, వాన ఒకటే, బయటి నుంచి వచ్చే చిమ్మటలూ ఒకటే. వెనక పట్టీలో ఖాళీగా ఉన్న చోట్ల నాగదంతిని మొలవనిచ్చాం. ఇది పోలికను కొంచెం పాడు చేస్తుందని తెలిసే చేశాను. మధ్య పట్టీలో నాగదంతి లేదు కాబట్టి, కోత పట్టీతో మధ్య పట్టీని పోల్చితే కాయల సంగతి విడిగా తెలుస్తుంది.

వెనక పట్టీ చుట్టూ అంచును నున్నగా కత్తిరించి, చిన్న బోర్డు పెట్టించాం. అంచు శుభ్రంగా ఉంటే లోపలున్నది నిర్లక్ష్యం కాదని, కావాలని ఉంచారని చూసేవాళ్లకు తెలుస్తుంది. ఫిర్యాదులు రాకపోవడానికి ఈ అంచు చేసిన మేలు బోర్డు కంటే ఎక్కువ.

ఆ సీజన్‌లో కోత పట్టీలో పాత కథే, చిన్న పురుగులున్నాయి, పెద్దవి లేవు. మధ్య పట్టీలో కాయలకు గుండ్రటి రంధ్రాలు పడ్డాయి. విప్పి చూస్తే కొన్నింట ఆర్గినా, కొన్నింట నీలి సీతాకోకచిలుక పిల్లలు, మిగతావాటిలో మన నారింజ పట్టీల పురుగు. బాగా ఎదిగినవి దొరికింది కాయల్లోనూ వాటి పక్కనున్న ఆకుల్లోనూ. వెనక పట్టీలో ఇంకా ఎక్కువ. సీజన్ మధ్యకు వచ్చేసరికి కొత్త రెక్కల చిమ్మటలు ఆ రెండు పట్టీల్లోంచీ లేవడం మొదలైంది. వెనక పట్టీలో ఎక్కువగా ఉండటంలో కాయల వాటా ఎంతో, నాగదంతి వాటా ఎంతో, ఊడ్వకుండా వదిలిన ఆకుల వాటా ఎంతో నేను విడదీయలేను. కోత పట్టీకీ మధ్య పట్టీకీ ఉన్న తేడాను మాత్రం కాయలకు కట్టొచ్చు.

కాయల్లో రంధ్రాలు చూసి నిర్వాహకుడికి టెన్షన్ పట్టుకుంది. మొక్కే అంతరించిపోతుందేమోనని ఆయన భయం. పురుగులు అన్ని కాయలూ తినలేదు, మిగిలిన గింజలు రాలాయి. తర్వాతి వానలకు రెండు పట్టీల్లోనూ నారు వాటంతట అదే మొలిచింది. నర్సరీ బిల్లు ఆగిపోవడం ఆయన్ని నా మాటల కంటే బాగా ఒప్పించింది.

అనుకోకుండా ఇంకొకటి జరిగింది. వెనక పట్టీలో ఎండుతున్న నాగదంతి కొమ్మల మీద మగ బ్లూ టైగర్, కామన్ క్రో సీతాకోకచిలుకలు గుంపులుగా వాలాయి. వాటిక్కూడా ఆ ఆల్కలాయిడ్లే కావాలి, ఎండిన కొమ్మల్ని గీకి పీల్చుకుంటాయి. ఫొటోలు తీసేవాళ్లంతా ఇప్పుడు అక్కడికే వెళ్తున్నారు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

ఆహార మొక్కల జాబితా ఇచ్చేటప్పుడు మొక్క పేరు పక్కన భాగం, దశ రాస్తున్నాను: ఆకా, మొగ్గా, పచ్చికాయా, ఎండుకాయా అని. పూల తోటల్లో పురుగు తగ్గిందంటే మొదటి రోజే పని రిజిస్టరు అడుగుతున్నాను. అది లేకపోతే కత్తెర పట్టే మనిషిని అడుగుతాను. నిర్వాహకుడికి తెలియని సంగతులు అక్కడే ఉంటాయి. డబ్బాల పెంపకం విఫలమైన నోట్సును పక్కన పడేయను. పురుగు చేసే వింత పని చాలాసార్లు దానికి లేనిదేమిటో చెబుతుంది.

యుటెతీసా కోసం గిలిగిచ్చ, నాగదంతి పెంచమని ఇప్పటికీ అడిగినవాళ్లకు చెబుతున్నాను. పశువులు, గుర్రాలు, మేకలు మేసే చోటుకు మాత్రం చెప్పను. కంచె ఉన్నా, కోసిన చెత్త ఎక్కడికి వెళ్తుందో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే విత్తనం ఇస్తున్నాను.